మీ ఇల్లే మా రణరంగం

సమస్త పురప్రజలకు తెలియజేయడమేమనగా, సైన్యంలోని సరఫరా విభాగంలో సుదీర్ఘకాలం పనిచేసి, ఒంటి మీద చిన్న గీత కూడా పడకుండా పదవీ విరమణ చేసిన మేజరు గారు ఇళ్లు మార్చే వ్యాపారంలోకి దిగారు. ఇకమీదట ఊళ్లో ఎవరు ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి మారాలన్నా వారి మంచాలు, కుర్చీలు, గిన్నెలు, గొడవలు సమస్తమూ సైనిక క్రమశిక్షణతో చేరవేయబడును.

ఇంతటి నిర్ణయం వెనక లోతైన ఆలోచన ఉంటుందని మీరు అనుకుంటే అది మీ మంచితనం.

పదవీ విరమణ చేసిన కొత్తలో మేజరు గారు ఖాళీగా ఉండడానికి నిజాయితీగానే ప్రయత్నించారు. పొద్దున్నే లేచి బూట్లు మెరిసేలా తుడిచేవారు. ఆ బూట్లు వేసుకుని వెళ్లాల్సిన చోటేదీ లేదు కాబట్టి విప్పి మళ్లీ తుడిచేవారు. పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, చివరి పేజీలో ప్రకటనలిచ్చిన వాళ్ల క్రమశిక్షణారాహిత్యానికి బాధపడేవారు. ఒకరోజు వంటింట్లోకి చొరబడి డబ్బాలన్నిటినీ ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టారు. పంచదార డబ్బా, ఉప్పు డబ్బా ఒకే ఎత్తున్నాయి కాబట్టి పక్కపక్కన నిలబడ్డాయి. ఆ పూట టీ ఒక్క గుక్క తాగి ఆయన భార్య కప్పు కింద పెట్టింది.

"ఏమండీ, మీరు యుద్ధానికి వెళ్లినప్పుడు కూడా నేనింత భయపడలేదు."

"నేను యుద్ధానికి ఎప్పుడు వెళ్లాను?"

"అదే నేననేది. మీరు ఇంట్లో ఉంటేనే భయంగా ఉంది. బయట ఏదన్నా పని చూసుకోండి."

అప్పుడు మేజరు గారు తనకేం వచ్చునా అని కూర్చుని ఆలోచించారు. తుపాకీ కాల్చడం వచ్చు. శిక్షణలో గురిబొమ్మని సరిగ్గా నడిమధ్యన కొట్టిన ఘనత ఉంది, కాకపోతే ఆ బొమ్మ పక్కవాడిది. ఆజ్ఞలివ్వడం వచ్చు, వినేవాళ్లే కరువు. ఇక మిగిలింది సామాన్లు ఒకచోటి నుంచి మరోచోటికి పంపించడం. దుప్పట్లు, మేజోళ్లు, సబ్బులు, కొవ్వొత్తులు ఆయన సంతకంతో కొండలెక్కాయి, నదులు దాటాయి. పైగా సర్వీసులో ఎన్ని బదిలీలు! ఎన్ని ఇళ్లు మారాం! ఇళ్లు మార్చడంలో తనంతటి అనుభవజ్ఞుడు ఊళ్లో లేడని తేలిపోయింది. ఆ సంగతి చెప్పగానే భార్య నవ్వాపుకోలేక స్టూలు మీద కూలబడింది.

"మీరు ఇల్లు మార్చారా? ఎప్పుడు?"

"ప్రతి బదిలీకీ మారాం కదా?"

"ప్రతి బదిలీకీ మీరు టోపీ పెట్టుకుని పాత ఇంట్లోంచి బయటికి నడిచారు. కొత్త ఇంట్లో అడుగుపెట్టి టోపీ తీశారు. ఆ మధ్యలో ఏం జరిగిందో మీకేమన్నా తెలుసా?"

మేజరు గారు గుర్తు తెచ్చుకోబోయారు. మధ్యలో ఏదో జరిగే ఉంటుంది. ఎందుకంటే మంచాలు, పిల్లలు, గోడగడియారం ప్రతిసారీ తనకంటే ముందే కొత్త ఇంట్లో ఉండేవి.

"సరే, నువ్వు మన సంస్థకు ముఖ్య సలహాదారువి" అన్నారు ఉదారంగా.

"మీతోపాటే నేనూ రిటైరయ్యాను. ఇక ఈ జన్మలో ఒక్క అట్టపెట్టెకి కూడా తాడు కట్టను. మీకు కావాలంటే కట్టుకోండి, కొట్టుకోండి, నన్ను మాత్రం పిలవకండి."

ఆ విధంగా ముఖ్య సలహాదారు పదవి ఖాళీగా ఉండగానే సంస్థ వెలిసింది. కారు షెడ్డు కార్యాలయం అయింది. గోడకి ఊరి పటం, దాని మీద రంగురంగుల గుండుసూదులు. పాత కూరగాయల వ్యాను ఒకటి కొని మిలిటరీ పచ్చరంగు వేయించారు. వ్యానుతోపాటు దాని డ్రైవరు కూడా వచ్చాడు. ఎంత పచ్చరంగు పులిమినా ఇద్దరి నుంచీ ఉల్లిపాయల వాసన మాత్రం పోలేదు. వ్యానుకి రెండువైపులా పెద్ద అక్షరాలతో నినాదం రాయించారు: "మీ ఇల్లే మా రణరంగం". ఆ నినాదంలో పొంచి ఉన్న నిజం అప్పటికి ఎవరికీ తట్టలేదు.

ప్రారంభోత్సవానికి పౌరసంఘం అధ్యక్షుడు వచ్చాడు. వృత్తిరీత్యా ఇటుకల వ్యాపారి. మైకు దొరికితే ఆయన ఉపన్యాసం కూడా ఇటుకలు పేర్చినట్టే పైపైకి పేరుస్తాడు.

"ఇదిగో, ఈ చేతులు చూడండి!" అని మేజరు గారి మణికట్టు పట్టుకుని పైకెత్తాడు. "ఈ చేతులే శత్రువు గొంతు నొక్కాయి! ఈ కళ్లే సరిహద్దులో రెప్ప వాల్చకుండా కాపలా కాశాయి! ఈయన అక్కడ మేలుకున్నారు కాబట్టే మనం ఇక్కడ నిద్రపోయాం! మన నిద్రకు మనం ఈయనకు రుణపడి ఉన్నాం!"

మేజరు గారు తన చేతుల వైపు చూసుకున్నారు. అవి నొక్కిందల్లా రబ్బరు స్టాంపులే. మనిషి స్వతహాగా అబద్ధం ఆడని రకం కావడంతో మైకు అందుకుని ఉన్న మాట చెప్పేశారు.

"అయ్యా, నేనెప్పుడూ యుద్ధం చేయలేదు. సామాన్ల విభాగంలో ఉండేవాణ్ణి. దుప్పట్లు, మేజోళ్లు, సబ్బులు పంపించేవాణ్ణి. అంతే."

చప్పట్లతో షెడ్డు రేకులు అదిరిపోయాయి. "చూశారా! ఎంత వినయం! అసలైన వీరులు ఇలాగే ఉంటారు!" అని ఇటుకల వ్యాపారి కళ్లు తుడుచుకున్నాడు.

వినయమనే రోగం ఒకసారి అంటుకుంటే వదిలేది కాదు. కాదంటే ముదురుతుంది. అతిథులకు టీ అందేసరికి మేజరు గారు కర్నలుగా పదోన్నతి పొందారు. ఖాళీ కప్పులు తీసేసరికి ఆయన ఒంట్లో రెండు తూటాలు చేరాయి. అందులో ఒకటి గుండె పక్కనే ఉందనీ, తీస్తే ప్రమాదమని డాక్టర్లు వదిలేశారనీ డ్రైవరే స్వయంగా నలుగురికి చెబుతుండగా మేజరు గారి చెవిన పడింది.

వ్యాపారం మొదలైంది. మొదటి కార్యరంగం ఒక లెక్కల మాస్టారి ఇల్లు. ఏ పెట్టెలో ఏముందో శత్రువుకు తెలియకూడదన్నది సరఫరా శాస్త్రంలో మొదటి సూత్రం. అందుకని మేజరు గారు ఒకే కొలత పెట్టెలు తెప్పించి, ఒకే రకంగా అంటించి, ఒక్కదాని మీద కూడా అక్షరం ముక్క రాయనివ్వలేదు. పథకం దిగ్విజయమైంది. శత్రువుకు తెలియలేదు. మాస్టారికీ తెలియలేదు. చెంచాల కోసం తెరిస్తే చెప్పులు, చెప్పుల కోసం తెరిస్తే జ్యామితి పుస్తకాలు వచ్చాయి. చాలా రోజులు ఆ కుటుంబం పూలకుండీల్లో మంచినీళ్లు తాగిందని వినికిడి. మేజరు గారు క్షమాపణ చెప్పడానికి వెళితే మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మీలాంటివాళ్లు మంచులో మంచుగడ్డలు నమిలి బతికారు సార్. మేం పూలకుండీలో నీళ్లు తాగలేమా?"

రెండో కార్యక్రమంలో సామానంతా అద్భుతమైన వేగంతో పక్కవీధిలోని మరెవరి ఇంట్లోనో దించబడింది. ఆ ఇంటాయన పచ్చ వ్యాను చూసి, మేజరు గారి గొంతు విని, తన ఇల్లు ఖాళీ చేయమని ప్రభుత్వ ఉత్తర్వు వచ్చిందనుకున్నాడు. ఎదురు చెప్పకుండా తన పరుపు తానే చుట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. పొరపాటు తెలిశాక, "పర్లేదు సార్, దేశం కోసమే కదా" అన్నాడు. దేశానికీ ఆయన పరుపుకీ సంబంధమేమిటో మేజరు గారు ఎంత ఆలోచించినా అందలేదు.

మూడోది ఒక క్షౌరశాల. నిలువుటద్దం రెండు ముక్కలైంది. మంగలి ఆ ముక్కల్నే గోడకి అతికించి, కూర్చున్న ప్రతివాడికీ "మేజరు గారు స్వహస్తాలతో పగలగొట్టిన అద్దం" అని పరిచయం చేయసాగాడు. ఊళ్లో సగం మంది ఒక చెంప నున్నగా, ఒక చెంప గరుకుగా గీయించుకుని గర్వంగా తిరిగారు.

ఇక్కడ మేజరు గారి గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. ట్రంకుపెట్టె ఒకటి కాలి మీద పడి ఆయన కొద్దిరోజులు కుంటుతూ నడిచారు. ఆ కొద్దిరోజులూ ఆయన వస్తుంటే కొట్లలో జనం లేచి నిలబడేవారు, క్యూల్లో ముందుకు పంపేవారు. "ట్రంకుపెట్టె పడిందండీ" అని ఆయన చెప్పినప్పుడల్లా, 'రహస్యం కాబోలు, బయటికి చెప్పకూడదు' అన్నట్టు ఒకరివైపు ఒకరు చూసుకునేవారు. కాలు బాగైంది. కుంటడం మాత్రం అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువకాలం సాగింది. ఒకరోజు కూరలు తేవడానికి బయల్దేరుతుంటే భార్య గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఏమండీ, నిన్న కుడికాలు కదూ?"

మేజరు గారు ఆగి, కిందికి చూసుకుని, రెండు కాళ్ల మీదా సమానంగా నడుచుకుంటూ వెళ్లిపోయారు.

అలా ఉండగా ఒక బ్యాంకు ఉద్యోగి ఇల్లు మారవలసి వచ్చింది. ఆయనకో ముసలి తల్లి, ఆమెకో ఇనప బీరువా. తాళం వేసిన బీరువాని తాళం వేసినట్టే కొత్త ఇంటికి చేర్చారు. తాళంచెవి మాత్రం భద్రత దృష్ట్యా ఒక పెట్టెలో పెట్టబడింది. ఏ పెట్టెలో అన్నది భద్రత దృష్ట్యా ఎవరికీ తెలియదు. గది నిండా ఒకేలాంటి పెట్టెలు. వాటి మధ్య కుర్చీలో కూర్చుని ముసలావిడ దగ్గుతోంది.

"అమ్మ ఆయాసం మందు బీరువాలోనే ఉంటుందండీ" అన్నాడు బ్యాంకు ఉద్యోగి, ఫిర్యాదులా వినపడకూడదని నవ్వుతూ. దగ్గు ఎక్కువవుతోంది. నవ్వు తగ్గలేదు. మేజరు గారు పెట్టె తరవాత పెట్టె చించారు; దిండ్లు, బకెట్లు, పెళ్లి ఫోటోలు బయటపడ్డాయిగానీ తాళంచెవి జాడ లేదు. నన్ను తిట్టండయ్యా, ఒక్క మాట తిట్టండి అని అరవాలనిపించింది ఆయనకి.

డ్రైవరు పరుగెత్తి తాళాలు బాగుచేసేవాణ్ణి పిలుచుకొచ్చాడు. పక్కసందులో మంచమంత వెడల్పు కొట్టు ఆయనది. ఊళ్లో ఆయన్ని కోతలాయన అంటారు. తాను కూడా సైన్యంలో చేశాననీ, మంచుకొండల మీద కనుమ కాపాడాననీ చెప్పుకుంటాడు. ఒక్కరూ నమ్మరు. యుద్ధమంటే ఎలా ఉంటుందో జనానికి బాగా తెలుసు, సినిమాలు చూస్తారు కదా. ఈయన చెప్పే యుద్ధంలో పాటలేవీ లేవు సరికదా, దోమతెరలున్నాయి.

కోతలాయన బీరువా ముందు మోకాళ్ల మీద కూర్చుని, సన్నటి ఇనప తీగె రంధ్రంలో దూర్చి, అలవాటుగా మొదలుపెట్టాడు.

"ఇలాంటి తాళమే పైన మా ఆయుధాల పెట్టెకుండేది. మంచుకి బిగుసుకుపోయేది. చలి అంటే చలా అది! దుప్పట్లు పంపండి మహాప్రభో అని కబురు పెడితే ఏం పంపారో తెలుసా? దోమతెరలు. మూటలకి మూటలు దోమతెరలు!"

"మొదలెట్టాడ్రా బాబూ" అన్నాడు డ్రైవరు. బ్యాంకు ఉద్యోగి ఈసారి నిజంగానే నవ్వాడు.

"నవ్వండి. మేమూ నవ్వాం. మర్నాడు వాటినే పొరలు పొరలుగా ఒంటికి చుట్టుకున్నాం. మిగతావి రాళ్ల మీద కప్పుకుని కింద పడుకున్నాం. తెల్ల తెరలు, తెల్ల మంచు. శత్రువులు చేయి చాస్తే అందేంత దగ్గర్నించి నడిచి వెళ్లారు, ఒక్కడికీ కనబడలేదు. వెనకనించి చుట్టేశాం. కనుమ నిలబడింది. ఇంకో విషయం, అక్కడున్నన్నాళ్లూ మమ్మల్ని ఒక్క దోమ కూడా కుట్టలేదు."

అందరూ పగలబడి నవ్వారు. నవ్వనివారు ఒక్క మేజరు గారే.

"మూటలు ఏ దారంతో కుట్టి ఉన్నాయి?" అన్నారు మెల్లగా.

కోతలాయన తీగె ఆపి తలెత్తాడు. "నీలం దారంతో సార్. నీలం ఉన్ని దారం. దాన్ని ఊడదీసి మేజోళ్ల చిల్లులు కుట్టుకున్నాం. మీకెలా తెలుసు?"

ఎలా తెలుసంటే, ఆ నెలలో మేజరు గారి గిడ్డంగిలో నీలం దారం తప్ప వేరే దారం లేదు. దోమతెరలు మంచుకొండకి పంపమని ఉత్తర్వు వచ్చినప్పుడు, మంచులో దోమలా అని ఆయనకి సందేహం వచ్చింది. పైఅధికారిని అడిగారు. "ప్రశ్నలడగడం మన శాఖ పని కాదు" అన్నాడు పైఅధికారి. మేజరు గారు ఆగమేఘాల మీద పంపించారు. అంత త్వరగా పంపినందుకు ప్రశంసాపత్రం కూడా వచ్చింది. దాన్ని ఆయన భార్య ఇప్పటికీ వారానికోసారి తుడుస్తుంది.

ఈలోగా బీరువా టక్కున తెరుచుకుంది. బ్యాంకు ఉద్యోగి లోపల వెతికితే మందు లేదు, నాలుగు బిస్కెట్ పొట్లాలున్నాయి. ముసలావిడ మెడలో తాడుకి కట్టుకున్న మందుగొట్టం తీసి నోట్లో కొట్టుకుని, దగ్గు తగ్గాక ఒక పొట్లం అందుకుంది.

"మందు నా దగ్గరే ఉంది నాయనా. ముందే తీస్తే బీరువా తెరిచేవారా? బిస్కెట్లే అందులో ఇరుక్కుపోయాయి. మిలిటరీ వాళ్లంటే నాకు గౌరవమే. నమ్మకం మాత్రం లేదు" అంది.

వ్యాపారం పెట్టిన నాటినుంచీ విన్న మొదటి మంచిమాట అదేననిపించింది మేజరు గారికి.

ఆ సాయంత్రమే ఆయన పక్కసందులోకి వెళ్లారు. కొట్టు నిండా వేలాడుతున్న తాళంచెవుల కింద తల వంచుకుని నిలబడి, "ఆ దోమతెరలు పంపింది నేనే" అన్నారు.

కోతలాయన నవ్వడం మొదలెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, చొక్కా చివరతో మొహం తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్లూ ఆ పంపినోడు కనబడితే మొహం మీద ఒక్కటిద్దామనుకున్నా సార్."

"ఇవ్వండి."

"ఇప్పుడు కాదు. ముందు అది నిజమని నలుగురిలో చెప్పండి. నేను చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. నా కూతురు కూడా నమ్మదు. 'నాన్నా, నా స్నేహితుల ముందు ఆ దోమతెరల మాట మాత్రం ఎత్తకు' అంటుంది. మీరు చెప్పండి. తర్వాత తీరిగ్గా కొడతాను."

మేజరు గారు మాటిచ్చారు. ఇచ్చాక ఇంటికి వచ్చి మంచం మీద పడుకుని కప్పు వైపు చూస్తూ లెక్కలేసుకున్నారు. చెబితే ఈ లేచి నిలబడడాలు పోతాయి. క్యూలో ముందుకి పంపడాలు పోతాయి. గుండె పక్కనున్న తూటా కూడా పోతుంది. దానికి ఆయన కొంచెం అలవాటు పడ్డారు.

"చెబితే నవ్వుతారేమో" అన్నారు భార్యతో.

"నవ్వనివ్వండి. కుంటాల్సిన బాధ తప్పుతుంది."

పౌరసంఘం వారి సన్మాన సభ వచ్చింది. సన్మానం షరా మామూలుగా మేజరు గారికే. హాలు నిండిపోయింది. మూడో వరసలో కోతలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నాడు. వేళ్లకున్న నూనె మరకలు ఎంత రుద్దినా పోయినట్టు లేవు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఇటుకల వ్యాపారి పూలగుత్తి ఇచ్చి మైకు అప్పగించాడు. మేజరు గారు గొంతు సవరించుకున్నారు.

"నేను వీరుణ్ణి కాను. నేను సామాన్ల గుమస్తాని. మంచుకొండ మీద చలికి వణుకుతున్నవాళ్లు దుప్పట్లడిగితే దోమతెరలు పంపిన మహానుభావుణ్ణి నేనే. ఆ దోమతెరలతో కనుమని నిలబెట్టిన మనిషి ఇదే హాల్లో ఉన్నాడు. మీరు ఆయన్ని కోతలాయన అంటారు. ఆయన చెప్పిన ప్రతి అక్షరం నిజం. కావాలంటే ఆ మూటలు కుట్టిన దారం రంగుతో సహా చెబుతాను."

ఇంత స్పష్టంగా ఆయన జీవితంలో మాట్లాడి ఉండరు. కోతలాయన లేచి నిలబడ్డాడు. చేతులు జేబుల్లోంచి బయటికొచ్చాయి. కూతురు తలెత్తి తండ్రి వైపు చూసింది, మొదటిసారి చూస్తున్నట్టు.

ఆ ఒక్క క్షణం బాగానే ఉంది. మరుక్షణం ఇటుకల వ్యాపారి మైకు లాక్కున్నాడు.

"విన్నారా! విన్నారా సోదర సోదరీమణులారా! ఇదీ మనసంటే! తన వీరత్వాన్ని ఒక పేద తాళాలవాడికి దానం చేసిన మహనీయుణ్ణి చరిత్రలో ఎక్కడైనా చూశామా? దోమతెరలతో కనుమని నిలబెట్టింది ఎవరో మనకి తెలియదా? ఎవరండీ?"

"మేజరు గారే!" అంది సభ ముక్తకంఠంతో.

"అయ్యా, అది నేనే! నేనే నిలబడ్డాను అక్కడ!" అని కోతలాయన అరిచాడు. కార్యకర్త ఒకడు వచ్చి భుజం మీద మర్యాదగా చేయి వేసి, "పెద్దలు మాట్లాడుతున్నారు, కూర్చోండి" అన్నాడు. మేజరు గారు కాదు కాదని రెండు చేతులూ ఊపారు. జనం కూడా ఆయనకి చేతులు ఊపారు. చప్పట్లు ఆగేసరికి మూడో వరసలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఇంటికెళ్లాక ఆయన భార్య పూలగుత్తిని నీళ్ల బకెట్లో పడేసి అంది: "మైకులో ఏం చెబితే అది మీదైపోతుందండీ. ఎదుటివాడి దగ్గరున్నది తీసుకోవడానికి అంతకంటే తేలిక దారి లేదు."

ఆవిడ చెప్పినట్టే అయింది. వారం తిరక్కుండా దోమతెరల కథ ఊరంతా పాకింది, మేజరు గారి పేరు మీద. ఇదివరకు ఆ మాటకి పగలబడి నవ్విన డ్రైవరే ఇప్పుడు గొంతు తగ్గించి, రోమాలు నిక్కబొడుచుకునేలా చెబుతున్నాడు. కోతలాయన ఒక ఇంటికి తాళం తీయడానికి వెళ్లి అలవాటుగా నోరు తెరిస్తే, ఆ ఇల్లాలు మధ్యలోనే ఆపేసింది. "అది మేజరు గారి కథ కదయ్యా! ఆయన దగ్గర కొట్టేశావా?"

మేజరు గారు మొహం చెల్లక కొన్నాళ్లు ఆ సందు వైపు వెళ్లలేదు. చివరికి వెళ్లి కొట్టు ముందు నిలబడి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"మాటిచ్చాను. చెప్పాను. ఇక కొట్టండి."

కోతలాయన ఆకురాయి పక్కన పెట్టలేదు. తాళంచెవి గీకుతూనే మాట్లాడాడు.

"కొట్టను సార్. ఆ దెబ్బ కూడా మీకు యుద్ధగాయం కింద జమ చేస్తారు."

"మరి నేనేం చేయను?"

"మీరేం చేయగలరు? నా దగ్గరున్నది అదొక్కటే కథ. నమ్మకపోయినా అది నాదేననేవాళ్లు. ఇప్పుడు నమ్మారు, నాది కాదంటున్నారు. మీరు వెనక్కిస్తానని మళ్లీ సభ పెడితే ఇంకా గొప్పోరైపోతారు. ఊరుకోండి."

"మా సంస్థలో భాగస్వామిగా రండి. సగం మీదే."

"నేను తాళాలు తీసేవాణ్ణి. పెట్టెలు మోయను" అన్నాడు కోతలాయన. ఆ గొంతు విని మేజరు గారు తమకి తెలియకుండానే నిటారుగా నిలబడ్డారు.

సంస్థని మూసేద్దామనుకున్నారు. జనం మూతపడనివ్వలేదు. దోమతెరల వీరుడు తమ సామాను ముట్టుకుంటే చాలని, మారాల్సిన అవసరం లేనివాళ్లు కూడా మారసాగారు. ఒక కుటుంబం మేడ మీంచి కిందికీ, మళ్లీ కిందినుంచి మేడ మీదికీ మారింది. ఎన్ని పగిలితే అంత కీర్తి. తట్టుకోలేక మేజరు గారు ఒకరోజు భార్య కాళ్లావేళ్లా పడితే, ఆవిడ ఒట్టు తీసి గట్టుమీద పెట్టి, పెట్టెకి తాడు ఎలా కట్టాలో నేర్పింది. ఏ పెట్టెలో ఏముందో పైన రాయాలని కూడా చెప్పింది. అప్పటినుంచీ ఏదీ పగలడం లేదు, ఏదీ తప్పిపోవడం లేదు. ఖాతాదారుల మొహాల్లో చిన్న నిరాశ కనబడుతోంది.

ఈలోగా పౌరసంఘం వారు కూడలిలో ఉన్న పెద్ద గోడ మీద మేజరు గారి వీరగాథని బొమ్మగా వేయించాలని తీర్మానించారు. బోర్డులు రాసే చిత్రకారుడు వివరాల కోసం ఇంటికొచ్చాడు.

"దోమతెర ఎలా కప్పుకున్నారు సార్? నెత్తి మీంచా, భుజాల మీంచా?"

"నాకు తెలియదు. నేను మూటలే చూశాను. తాళాల కొట్టులో ఉన్నాయనకి తెలుసు. ఆయన మొహమే వేయండి, మీకు పుణ్యముంటుంది."

చిత్రకారుడు బుద్ధిమంతుడు, తాళాల కొట్టుకి వెళ్లాడు. కోతలాయన మొదట పొమ్మన్నాడు. తర్వాత ఉండబట్టలేక అన్నీ చెప్పాడు: ఎలా పడుకున్నారో, ఊపిరి తెరకి అంటుకుని ఎలా గడ్డకట్టేదో, పక్కన పడుకున్న స్నేహితుడు లేవమంటే ఎందుకు లేవలేదో. ఆ చివరి సంగతి ఆయన ఊళ్లో ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. అక్కడిదాకా ఎవరూ వినలేదు.

చిత్రకారుడు శ్రద్ధగా విని, తిరిగొచ్చి, పౌరసంఘం ముందు తన ఇబ్బంది విన్నవించుకున్నాడు.

"తెల్ల మంచు మీద తెల్ల దోమతెర, దాని కింద ఎవరికీ కనబడకుండా మనుషులు. ఉన్నదున్నట్టు వేస్తే గోడకి సున్నం కొట్టినట్టుంటుందండీ. పైగా ఆయన మొహం వీరుడి మొహంలా లేదు."

సంఘం దీర్ఘంగా చర్చించింది. కళ కోసం కొన్ని మార్పులు తప్పవని ఏకగ్రీవంగా ఆమోదించింది. దోమతెరలు తీసేశారు. మంచు తీసేసి ఎర్రటి ఆకాశం పెట్టారు. మేజరు గారికి చేతిలో తుపాకీ, కింద తెల్ల గుర్రం, నిజజీవితంలో లేనంత జుట్టు సమకూర్చారు. మేజరు గారు అభ్యంతరం తెలిపారు. వినయం ఖాతాలో వేసుకున్నారు.

గోడ ఇప్పటికీ ఉంది. బ్రహ్మాండంగా ఉంటుంది. అటు వెళ్లేవాళ్లు ఆగి ఒక సెల్యూట్ కొట్టి, ఫోటో తీసుకుని పోతుంటారు. మీరూ కొడతారు, మొహమాటపడకండి. మేజరు గారు మాత్రం ఆ కూడలి దాటేటప్పుడు తల దించుకుని, పక్కసందులోకి తిరిగి, తాళాల కొట్టులో స్టూలు మీద కూర్చుంటారు. పనయ్యాక కోతలాయన కథ మొదటినుంచీ చెబుతాడు. మేజరు గారు చివరిదాకా వింటారు. నవ్వాల్సిన చోట నవ్వుతారు, స్నేహితుడి దగ్గరికొచ్చేసరికి నేల చూస్తారు. ఈమధ్య మూడో స్టూలు కూడా వేశారు. కూతురు వచ్చి కూర్చుంటోంది.

ఎప్పుడైనా మీ ఇంటి తాళంచెవి పోతే ఆ సందులోకి వెళ్లండి. మనిషి వెంటనే వస్తాడు, తాళం తీస్తూ కథ మొదలుపెడతాడు. మీరు మర్యాదస్తులు కాబట్టి వింటున్నట్టే తలాడిస్తారు. కథలో మూటలు విప్పేసరికి మీ తలుపు తెరుచుకుంటుంది. "మిగతాది ఇంకోసారి వింటాం లెండి" అని మీరు లోపలికి వెళ్లిపోతారు.

ఆయన ఆ మాటకి ఏమీ అనుకోడు. సామాను సర్దుకుంటూ, గుమ్మం బయట నిలబడి, మిగతాది తలుపుకి చెబుతాడు.